బండి మీది గొంతు

మా ఇంట్లో అందరం నోటితో బతికేవాళ్ళమే. నేను తాండూరు బజారులో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపిస్తాను. వద్దని లేచిన మనిషిని మళ్ళీ కూర్చోబెట్టి ఒక చీరైనా కట్టబెట్టకపోతే నాకు ఆ పూట అన్నం సయించదు. మా అత్త సత్యమ్మ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుందంటే హార్మోనియం వాయించే అతను ఆమె వెనక పరుగెత్తాల్సిందే. నా మొగుడు బాల్‌రాజ్ ట్రాలీ ఆటోలో ఊరూరా తిరిగి ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు అమ్ముతాడు. ఇట్లాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు మాట్లాడటం మానేశాడు. ఎందుకు మానేశాడో చెప్పాలంటే ముందు మా బండి సంగతి చెప్పాలి.

మా బండి మీద ఒక మైకు ఉంటుంది. ఉల్లిగడ్డల బండ్లన్నిటికీ ఉంటుంది కానీ, మిగతా బండ్లలో వినిపించేది ఎక్కడో కొనుక్కొచ్చిన ఒకే మగమనిషి గొంతు. మా బండి మీద మాత్రం మా కొడుకు నిఖిల్ గొంతు. వాడికి తొమ్మిదేళ్ళప్పుడు, ఎండకాలం సెలవుల్లో నాన్న వెంట యాలాల్ వైపు వెళ్ళాడు. బాల్‌రాజ్ అరిచి అరిచి అలిసిపోయి నీళ్ళు తాగుతుంటే, వీడు బస్తాల మీదికెక్కి తనకు తోచింది అరిచి చెప్పేశాడు. "అవ్వా, అక్కా, ఉల్లిగడ్డలొచ్చినయ్! కోస్తె కండ్లల్ల నీళ్ళు, తింటె నోట్ల నీళ్ళు! బాల్‌రాజ్ బండొచ్చింది, బుట్టలు పట్కరాండ్రి!" ఆ గొంతు ఎవరిదో చూద్దామని ఆడవాళ్ళు పనులు వదిలి బయటికి వచ్చారట. అప్పటికప్పుడు బాల్‌రాజ్ వాణ్ణి తాండూరులో సెల్‌ఫోన్ల దుకాణానికి తీసుకుపోయి, ఆ మాటలే మళ్ళీ చెప్పించి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చి బండి మైకుకు తగిలించాడు.

ఇక చూడండి. యాలాల్ మొదలుకొని దౌల్తాబాద్ దాకా ఆ గొంతు తెలియని వాడకట్టు లేదు. యాలాల్ దగ్గరి ఊళ్ళో రుక్కమ్మ అని ఒక ముసలామె ఉంది. మైకు వినబడగానే "నా మనుమడు వచ్చిండు" అని బుట్ట పట్టుకుని గడప దిగుతుందట. పక్కన వేరే బండి నిలబడి ఉన్నా కొనదట. బాల్‌రాజ్ ఈ ముచ్చట ఇంటికి వచ్చి చెబుతుంటే నాకు గర్వంగా ఉండేది. దాచుకోవాల్సిన పనేముంది? కన్న కొడుకు గొంతు ఊళ్ళన్నీ గుర్తుపడుతుంటే ఏ తల్లికైనా ఉంటుంది.

ఆ గొంతు తొమ్మిదేళ్ళ దగ్గరే ఆగిపోయింది. కొడుకు ఆగలేదు. ఈ ఏడు తొమ్మిదో తరగతికి వచ్చాడు. నా తలమీదుగా చెయ్యి చాపి అటక మీది డబ్బా దించేంత పొడుగయ్యాడు. పై పెదవి మీద నూగు కనబడింది. వానలు మొదలైన కొత్తల్లో ఒక ఆదివారం చర్చిలో నాయనమ్మతో పాటు పాట అందుకున్నాడు. రెండో చరణంలో గొంతు బావి అడుక్కి దిగిపోయింది, దాన్ని పైకి లాగబోతే ఇంటి కప్పెక్కి కీచుమంది. ముందు వరసల్లో పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. వీడు పాట ఆపేసి పుస్తకంలోకి తల దించుకున్నాడు.

మా అత్త అది పడిశం అంది. మిరియాల కషాయం పోసింది, అల్లం రసంలో తేనె కలిపి నాకించింది, పాస్టరు గారితో ప్రార్థన చేయించిన నూనె మెడకు రాసింది. బాల్‌రాజ్ ఫ్రిజ్ నీళ్ళు బంద్ చేయించాడు. కాలనీలో ఐస్‌క్రీమ్ బండివాడు వస్తే వాడి మీదికి కొట్లాటకు పోయాడు. మేమేమీ తెలియనివాళ్ళం కాదు. ఇంట్లో ఆడపిల్ల ఉంటే పెద్దమనిషి అయిందని వాడకట్టంతా పిలుస్తాం, మేనమామ చీర తెస్తాడు, నువ్వులు బెల్లం దంచి పెడతాం. మగపిల్లవాడికీ ఒక వయసు వస్తుందనీ, గొంతు మారుతుందనీ ఎవరిని అడిగినా చెబుతారు. అయినా అది మా బండి గొంతు కాబట్టి, మారితే మాకు జబ్బులా కనబడింది.

చివరికి బాల్‌రాజ్ ఒక పూట బండి ఆపుకుని, మా ఇద్దరినీ పొద్దున రైలుకు వికారాబాద్ తీసుకుపోయాడు. అక్కడ గొంతు చూసే డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. వాడి నోట్లోకి లైటు వేసి చూసింది, ఏం చదువుతున్నావని అడిగింది, రెండు మాటలు మాట్లాడించింది. ఇంకా ఏమైనా పరీక్షలు రాస్తుందేమోనని మేం కుర్చీల అంచున కూర్చున్నాం. ఆమె నవ్వి, గొంతుకు ఏ రోగమూ లేదు, పిల్లవాడు పెద్దవాడవుతున్నాడు, ఈ వయసులో అందరికీ ఇట్లాగే ఉంటుంది, ఏ మందూ అక్కర్లేదని చెప్పింది. నా గుండె తేలికపడింది. లేచి కొంగు సర్దుకుంటున్నాను.

బాల్‌రాజ్ మాత్రం లేవలేదు. "పాత గొంతు మళ్ళ ఎప్పుడొస్తది మేడం?" అని అడిగాడు.

అది రాదని, కొన్నాళ్ళకు కొత్త గొంతు కుదురుకుంటుందని ఆమె చెప్పింది. బాల్‌రాజ్ ముఖం దిగులుగా అయింది. ఊళ్ళో ఎవరో పోయారని కబురు విన్నట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నిఖిల్ డాక్టరమ్మను చూడటం లేదు. నాన్న ముఖమే చూస్తున్నాడు. నేను అది గమనించాను కానీ, దాని బరువు నాకప్పుడు తెలియలేదు. తిరుగు రైలులో మురుకుల పొట్లం కొనిస్తే తీసుకున్నాడు, విప్పలేదు. తాండూరు స్టేషన్లో దిగేటప్పటికీ పొట్లం అట్లాగే చేతిలో ఉంది.

ఆ తర్వాత వాడు మాట్లాడటం తగ్గిస్తూ వచ్చి పూర్తిగా మానేశాడు. కూర కావాలంటే గిన్నె జరుపుతాడు. వద్దంటే చెయ్యి అడ్డం పెడతాడు. పిలిస్తే వచ్చి నిలబడతాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నోరు తెరిచి అడిగితేనే అన్నం పెడతానని ఒక పూట పళ్ళెం వెనక్కి లాక్కున్నాను. వాడు గ్లాసుడు నీళ్ళు తాగి లేచి పోయాడు. ఆ పూట నేనూ తినలేదు. బాల్‌రాజ్ ఇదంతా ఫోన్ వల్లేనని ఫోన్ తీసి బియ్యం డబ్బాలో దాచాడు. ఊళ్ళోని ఆడవాళ్ళందరి దిష్టీ తగిలిందని మా అత్త ఉప్పు తిప్పి పోసింది. చర్చికి పోయే ఇంట్లో ఈ ఉప్పేమిటని నేను అడిగితే, ఉప్పుకు మతమేముందని నా మీదే లేచింది. ముగ్గురం వాడి గురించి అరుచుకుంటుంటే వాడు మధ్యలో కూర్చుని లెక్కలు చేసుకునేవాడు.

ఒక రోజు దుకాణంలో ఉండగా వాళ్ళ క్లాసు టీచర్ యాదగిరి సార్ ఫోన్ చేశాడు. నిఖిల్‌కు ఒంట్లో ఎట్లా ఉంది, వారం రోజులుగా బడికి రావడం లేదు కదా అని అడిగాడు.  వాడు రోజూ తలదువ్వుకుని, బ్యాగు తగిలించుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని పోతున్నాడు. సగం కుచ్చిళ్ళు పోసిన చీర కొనేవాళ్ళ ఒళ్ళోనే వదిలేసి బయటపడ్డాను. మా పక్కింటి పరమేశ్ పది ఫెయిలై రాళ్ళ పాలిష్ పనికి పోతాడు. వాడి తల్లిని అడిగితే, నీ కొడుకు మా వాడి వెంటే పోతున్నాడు, నీకు తెలియదా అంది.

తాండూరులో నాపరాళ్ళ పాలిష్ మిషన్లు ఊరి చుట్టూ ఉంటాయి. దగ్గరికి పోయినవాళ్ళకు తెలుస్తుంది ఆ మోత ఎట్లా ఉంటుందో. బండ మీద మిషన్ తిరుగుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినబడదు. నేను గేటు లోపలికి పోయి "ఒరేయ్ నిఖిల్" అని గొంతు చించుకున్నాను. నా మాట నాకే వినబడలేదు. వాడు ఒక పక్కన బండల దొంతర మీద కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు రాతి బురద ప్యాంటు నిండా చిమ్మి ఉంది. మిషన్ దగ్గర నిలబడిన పరమేశ్ చేత్తో ఏదో సైగ చేశాడు. నిఖిల్ తిరిగి సైగ చేసి నవ్వాడు. పళ్ళన్నీ కనబడేట్టు, ఎప్పటి నిఖిల్ నవ్వినట్టే నవ్వాడు. ఆ నవ్వు ఎన్నాళ్ళకు చూశానో! తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా తీసుకొచ్చాను. మోత కాస్త తగ్గిన చోట నిలబెట్టి, బడి వదిలేసి ఇక్కడ ఏం చేస్తున్నావురా అని అడిగాను. పని చేయడం లేదని తల ఊపాడు. మరి ఎందుకు వస్తున్నావంటే చాలాసేపు నేల చూశాడు. చివరికి నోరు తెరిచాడు.

"ఈడ మాట్లాడే పని లేదమ్మా."

లావుగా మొదలైన మాట చివరికి వచ్చేసరికి సన్నగా కీచుమంది. వాడు వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. చెప్పు, నేను నవ్వను, ఎంతసేపైనా వింటానన్నాను. అక్కడ రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుని, గొంతు ఎక్కుతూ దిగుతూ, మధ్య మధ్యలో ఆగుతూ అంతా చెప్పాడు. బడి పక్కనుంచి బండి పోయినప్పుడల్లా క్లాసంతా తనవైపు తిరుగుతుందట. వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళు ఆ మైకు మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నారట. వీడు హాజరు చెప్పగానే ఫోన్‌లోంచి చిన్నప్పటి గొంతు వినిపిస్తారట, ఏది అసలు నిఖిల్ అని అడుగుతారట. అందుకని హాజరు పలకడం మాని చెయ్యి ఎత్తుతున్నాడు. అది కూడా కష్టమై బడి మానేశాడు. ఇంక పోను, పరమేశ్ పని చేసే చోటే నేర్చుకుంటానన్నాడు.

"పోరగాండ్లు నవ్వితే నవ్విండ్రు. నాయినకు గూడ గా గొంతే గావాలె. నేనొద్దు." అన్నాడు.

నా కళ్ళు నిండాయి. ఏడిస్తే వాడు మళ్ళీ నోరు మూస్తాడని కొంగుతో వాడి ప్యాంటు మీది బురద తుడుస్తూ కూర్చున్నాను. వికారాబాద్‌లో వాడు నాన్న ముఖంలో ఏం చూశాడో అప్పుడు అర్థమైంది నాకు.

ఇంటికి వచ్చి బాల్‌రాజ్‌కు చెప్పాను. బడి మానిన సంగతి వినగానే లేచాడు, పాలిష్ మిషన్ల మాట వినగానే కూలబడ్డాడు. బండి మీది గొంతు తీసెయ్యాలనేసరికి మాత్రం మళ్ళీ లేచాడు. అందులో తిట్లు ఉన్నాయా, బూతులు ఉన్నాయా, కొడుకు గొంతు తండ్రి బండి మీద ఉంటే తప్పేమిటని వాదించాడు. ఆ గొంతు వింటేనే జనం వస్తారన్నాడు. పిల్లలు నవ్వితే నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారన్నాడు. జనానికి కావలసింది ఉల్లిగడ్డలు కానీ గొంతు కాదని నేనన్నాను. నీకేం తెలుసు చీరలమ్ముకునేదానివి అన్నాడు. మా అత్త కొడుకు వైపే మాట్లాడింది. నేను ఇద్దరితోనూ కొట్లాడి ఓడిపోయాను.

ఓడిపోయి ఊరుకునే మనిషిని కాదు నేను. తెల్లవారి బాల్‌రాజ్ ఉల్లిగడ్డల బస్తాలు ఎక్కించుకుంటుండగా, బండి ముందు సీటు దగ్గరికి పోయి పెన్‌డ్రైవ్ పీకి కొంగున ముడేసుకున్నాను. యాలాల్ చేరాక ఫోన్ చేశాడు. మైకు పలకడం లేదు, పెన్‌డ్రైవ్ ఎక్కడైనా పడిందేమో చూడమన్నాడు. "నేనే తీసిన. దేవుడు నీకు గొంతియ్యలేదా?" అని ఫోన్ పెట్టేశాను. తిరిగి వచ్చి నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. రాలేదు. వెనక్కి వస్తే బేరం పోతుందని ఒట్టి గొంతుతోనే ఊరూరా తిరిగాడు.

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే ఇంటికి వచ్చాడు. నేను కొట్లాటకు తయారుగా నడుముకు చెంగు దోపుకుని నిలబడ్డాను. బాల్‌రాజ్ నోరు తెరిచాడు. మాట బయటికి రాలేదు. ఇంకోసారి ప్రయత్నిస్తే తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు కిర్రుమంది. మా అత్త పరుగెత్తుకొచ్చి వెంటనే మిరియాలు దంచింది. ఆయన గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుని, మజ్జిగ కావాలని నాకు చెయ్యి చూపించాడు. నేను అర్థం కానట్టు నిలబడ్డాను. చెయ్యి తలకు కొమ్ములా పెట్టుకున్నాడు, పాలు పిండినట్టు చూపించాడు, చిలికినట్టు చూపించాడు. మూల కూర్చుని చదువుకుంటున్న నిఖిల్ ఫక్కున నవ్వాడు.

"మజ్జిగ అడుగుతుండమ్మా" అన్నాడు. గొంతు కీచుమంది. బాల్‌రాజ్ "ఔ" అన్నాడు. అదీ కీచుమంది. తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. నిఖిల్ ఇంకా నవ్వాడు. బాల్‌రాజ్‌కు కూడా నవ్వొచ్చింది కానీ, నవ్వడానికి సరిపడా గొంతు లేక భుజాలు మాత్రం ఊగాయి.

అన్నాల దగ్గర ఆయన గుసగుసలతో ఆ రోజు జరిగింది చెప్పాడు. రుక్కమ్మ బుట్ట లేకుండానే పరుగెత్తుకొచ్చిందట. పిల్లవాడి గొంతు లేదేమిటి, పిల్లవాడు క్షేమమేనా అని ఆయన చొక్కా పట్టుకుందట. క్షేమమే అని చెప్పబోతే గొంతు పట్టుకుపోయిందట. యాలాల్‌లో పిల్లలు వెంటపడి, ఆయన అరిచినట్టే అరుస్తూ వాడ చివరి దాకా వచ్చారట.

నిఖిల్ కంచంలోంచి తల ఎత్తాడు. "నువ్వేం జేసినవ్ నాయినా?"

"మల్ల ఒర్రిన" అన్నాడు బాల్‌రాజ్.

 తర్వాత ఆయన కొడుకు వైపు చూడకుండా, అన్నం కలుపుతూ, నాకు కూడా ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు.

"నేను నీ అంతున్నప్పుడు దౌల్తాబాద్ దగ్గర ఒక పటేలు ఇంట్ల జీతమున్న. బర్ల కాడ, ఎడ్ల కాడ. నా గొంతు ఎప్పుడు మారిందో నాకే ఎరుక లేదు. నన్ను మాట్లాడుమన్నోడు లేడు, నా మాట ఇన్నోడు లేడు. నీ గొంతు ఊరంత ఇంటాంటే నాకు మస్తు సంబురమయ్యేది కొడుకా. అది పోతదంటే పరేషానైన. గంతే గని, నువ్వొద్దని గాదు."

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కొడుకు గొంతు ఎప్పుడు మారిందో ఆమెకూ తెలియదు మరి. నిఖిల్ లేచి మజ్జిగ తెచ్చి నాన్న గ్లాసులో పోశాడు. బాల్‌రాజ్ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీ గొంతు నీది. బండిది గాదు. బండికి నేను లేనా?"

పెన్‌డ్రైవ్ ఇస్తానంటే నన్నే దాచుకోమన్నాడు. బీరువాలో నా పెళ్ళి చీర కింద పెట్టాను. బడికి పొమ్మని వాణ్ణి ఎవరం అడగలేదు. ఆ విషయంలో మా ఇంట్లో ముగ్గురం నోళ్ళు కట్టుకోవడం ఎంత కష్టమో మాకే తెలుసు. సోమవారం వాడే బ్యాగు తగిలించుకుని పోయాడు. నేను యాదగిరి సార్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాను. వచ్చాడమ్మా, కానీ హాజరు మాత్రం పలకడు, చెయ్యే ఎత్తుతాడు అన్నాడు. ఇంట్లో మాట్లాడుతున్నాడు, పరమేశ్‌తో మాట్లాడుతున్నాడు. క్లాసు గుమ్మం దాటితే మాత్రం మూగ. పది మందిలో నోరు తెరవలేనివాడు రేపు పదో తరగతి దాకా ఎట్లా నెట్టుకొస్తాడు, ఏదో ఒక రోజు మళ్ళీ ఆ మిషన్ల మోతలోకే పోతాడేమోనన్న భయం నాకు పోలేదు.

బాల్‌రాజ్ మాత్రం మళ్ళీ మైకు పెట్టలేదు. రోజూ అరుస్తూనే ఉన్నాడు. గొంతు కాస్త బాగుపడేలోపే మళ్ళీ పాడయ్యేది. ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లవాడేడని అడిగితే, ఆ బొంగురు గొంతుతోనే "నా కొడుకు పెద్దోడయిండు" అని చెప్పి ఒక్కొక్కరి బుట్టలో నాలుగు గడ్డలు ఎక్కువ వేసేవాడట. రుక్కమ్మ ఆ మాట విని, మరి మాకు బెల్లం ఏదని అడిగిందట. ఆడపిల్ల పెద్దదైతే పంచుతారు కదా, మగపిల్లవాడేం పాపం చేశాడందట. మరుసటి వారం బాల్‌రాజ్ నిజంగానే తాండూరు నుంచి బెల్లం ముక్కలు కట్టించుకుపోయి ఆమె వాడలో పంచి వచ్చాడు. నేను ఆ ఖర్చు గురించి ఒక్క మాట అనలేదు.

ఒక శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగు అన్నారు. యాదగిరి సార్ పద్ధతి ఏమిటంటే, పెద్దవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి మాట్లాడి పంపించడు. పిల్లల పక్కనే బెంచీల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పేరు పిలుస్తాడు. పిల్లవాడు లేచి హాజరు చెప్పాలి, వచ్చిన పెద్దమనిషి లేచి తన పేరు చెప్పాలి. బండి గేటు బయట ఆపి బాల్‌రాజ్ లోపలికి వచ్చాడు. ఆ రోజు గొంతు మరీ అధ్వాన్నంగా ఉంది, నువ్వే మాట్లాడు అని నాకు సైగ చేశాడు. నిఖిల్ మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. వాడి మోకాలు ఆగకుండా ఆడుతోంది. దాని మీద చెయ్యి వేద్దామనుకుని, పెద్దవాడయ్యాడు, అందరిలో బాగుండదని ఊరుకున్నాను.

పేరు వచ్చింది. నిఖిల్ చెయ్యి ఎత్తాడు. సార్ రాసుకుని, వాణ్ణి ఇబ్బంది పెట్టకుండా వెంటనే, ఇంటి నుంచి ఎవరొచ్చారు, నాన్నగారేనా అని సూటిగా బాల్‌రాజ్‌నే అడిగాడు. నేను లేచేలోపే ఆయన లేచాడు. సార్ అడిగాక కూర్చుని ఉండటం ఆయనకు చేతకాదు. చేతులు కట్టుకుని, "నేను సార్, బాల్‌రాజ్‌ను" అన్నాడు. మొదటి మాట బొంగురుగా గొణిగినట్టు వచ్చింది, రెండోది కోడిపిల్లలా కీచుమంది. వెనక బెంచీల నుంచి ఎవడో చిన్నపిల్లవాడి గొంతు పెట్టి "ఉల్లిగడ్డలొచ్చినయ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. కొందరు పెద్దవాళ్ళు కూడా నవ్వారు. బాల్‌రాజ్ కూడా, ఏం చెయ్యాలో తెలియక, వాళ్ళతో పాటు నవ్వబోయాడు.

ఆ నవ్వు చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది. ఆ వెనక బెంచీ దాకా పోయి వాడెవడో చెవి పట్టుకుందామని లేచాను.

"ఆగమ్మా" అన్నాడు నిఖిల్.

లేచి నిలబడ్డాడు. సార్ వైపు కాదు, వెనక బెంచీల వైపు తిరిగాడు. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మైకుల ఉన్న గొంతు నాదే. చిన్నప్పటిది. గిప్పుడు గిట్లయింది. మీకు గూడ అయితది." అక్కడే గొంతు విరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు ఒకసారి మింగి మళ్ళీ అందుకున్నాడు. "మా నాయిన నా కోసం మైకు బంద్ జేసిండు. ఊరూర ఒర్రి ఒర్రి గొంతు పోగొట్టుకున్నడు. నవ్వేటోళ్ళు నన్ను నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. ఆయనను నవ్వొద్దు."

నాలుగు మాటల్లో గొంతు ఎన్నిసార్లు ఎక్కిందో, ఎన్నిసార్లు పడిందో. వాడు మాత్రం ఎక్కడా ఆగలేదు. చెప్పేది అయ్యాక సార్ వైపు తిరిగి, "ప్రజెంట్ సార్" అని కూర్చున్నాడు.

బాల్‌రాజ్ ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని సార్ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ కూర్చుని, కొడుకు వైపు చూడలేక గోడ మీది బొమ్మలు చూశాడు. నాకు ఆ సిగ్గులేమీ లేవు. పక్క బెంచీలో ఎవరో తెలియనావిడ కూర్చుని ఉంటే మోచేత్తో తట్టి, ఆ మాట్లాడినవాడు నా కొడుకు అని చెప్పాను. తెలుస్తూనే ఉందమ్మా, నీ పక్కనే కదా కూర్చున్నాడు అందావిడ. అయినా ఇంకోసారి చెప్పాను.